రబ్బరు సంచిలో ఊపిరి

1956 వేసవిలో, మద్రాసు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉన్న పుష్పవల్లికి గొంతు పోయింది. స్వరపేటికలో కంతి లేచింది, కోసి తీయాలన్నాడు సర్జన్ భక్తవత్సలం. మత్తు ఇచ్చే పని డాక్టర్ కుముదినిది.

ఊపిరి పోయే దారీ, కత్తెర పోవలసిన దారీ ఒకటే కావడం అక్కడి చిక్కు. అందుకని ఒళ్ళంతా కదలకుండా చేసే మందు ఇచ్చి, ముఖానికి మాస్కు పెట్టి, నల్లటి రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ కుముదినే ఆమెకు ఊపిరి పోస్తోంది. మాస్కు తీసినప్పుడల్లా సర్జన్ గొంతులోకి గొట్టం దించి కొంచెం కొంచెంగా కోస్తున్నాడు. ఆ కాసేపూ రోగికి ఊపిరి ఉండదు.

అలా మరోసారి మాస్కు తీశాక, కుముదిని చేతిలో సంచి కదిలింది.

ఆక్సిజన్ మీట కట్టేసే ఉంది. మాస్కు ఎవరి ముఖానికీ లేదు. అయినా సంచి మెల్లగా ఉబ్బింది, తగ్గింది, మళ్ళీ ఉబ్బింది. బల్ల మీద పుష్పవల్లి ఛాతీలో చలనం లేదు. ఉన్నట్టుండి సంచి ఎగశ్వాసలాగా కొట్టుకోసాగింది.

"ఆపండి సార్!"

"పెదాలు ఎర్రంగానే ఉండాయి కదమ్మా. ఇంకొక్క ముక్క."

"గొట్టం తీసేయండి సార్, ఇప్పుడే!"

ఆమె గొంతులోని భయం విని ఆయన తీసేశాడు. కుముదిని మాస్కు అదిమి, మీట తిప్పి, సంచి నొక్కింది. అది మొదట మొండికేసింది. తర్వాత ఎవరో లోపలినుంచి తోసినట్టు ఒక్కసారిగా ఖాళీ అయింది.

పుష్పవల్లి మణికట్టు పట్టుకున్న నర్సు లూర్దుమేరి, "నాడి దొరకలేదమ్మా... ఇప్పుడే వచ్చింది" అంది.

మిగిలిన ముక్క తీయడం సాఫీగానే జరిగింది. కొన్నాళ్ళకు పుష్పవల్లికి మాట వచ్చింది. చూడడానికి వచ్చిన కుముదినిని పక్కన కూర్చోమంది.

"ఆ పొద్దు నన్ను ఏడ పెట్టినారు డాక్టరమ్మా? ఒకటే చీకటి, రబ్బరు వాసన. బయట మీ చెయ్యి తగలతా ఉండె."

కుముదిని ఆమె వైపు వంగింది.

"ఆడ ఇంకెవరో ముసలాయన ఉండె. నువ్వు ముందు పో తల్లీ అని నన్ను తోసినాడు. ఆయన్ని తీసినారా?"

కుముదిని తిన్నగా ఆపరేషన్ థియేటరుకు వెళ్ళింది. సంచిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, గాలంతా పోయేదాకా పిండింది. "పోండి పెద్దాయనా" అంది. సంచి మడత పడి ఊరుకుంది. పోయాడో లేదో తెలియలేదు.

"వేరే సంచి తీసుకురా మేరీ."

"ఇదొక్కటే కదమ్మా ఉండేది."

తర్వాతి రోగిని అప్పటికే లోపలికి తోసుకొస్తున్నారు. కుముదిని సంచిని మత్తు యంత్రానికి తగిలించి, దాని మీద అరచెయ్యి ఆనించి, కాసేపు నొక్కకుండా నిలబడింది.