నిచ్చెన పట్టిన చేతులు

సాలూరు పైన కొండల్లోని ఆ ఊరికి మెర్లిన్ వచ్చిన పని, జనం మనసులు ఎంత క్షేమంగా ఉన్నాయో కొలవడం. ఆమె ట్యాబ్‌లో ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. అట్టడుగు మెట్టు అతి దుర్భరమైన బతుకు. పదో మెట్టు కోరుకోదగిన బతుకు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారని అడగాలి. అంకె నొక్కనిదే తరువాతి ప్రశ్న రాదు.

జాబితాలో మొదటి పేరు సోములమ్మది. ఆమె ఇంట్లో లేదు. పెరటి వెనుక, కల్లిచ్చే జీలుగు చెట్టుకు ఆనించిన వెదురు నిచ్చెనను రెండు చేతులతో పట్టుకొని నిలబడి ఉంది. పైన ఎవరూ లేరు.

మెర్లిన్‌ను జీపులో తీసుకువచ్చిన ఫల్గుణ సోములమ్మకు మేనల్లుడు.

"మా అత్తని మెట్టడక్కండి మేడమ్. పది మెట్లూ ఒక్కర్తే మోత్తాది" అని నవ్వాడు. నవ్వాడు గాని చెట్టు దగ్గరకు రాలేదు.

సోములమ్మ బొమ్మను చాలాసేపు చూసింది.

"కింద పట్టుకున్నోల్లేరీ?"

అటువంటివారు బొమ్మలో లేరు.

నిరుడు వేసవిలో భర్త సుక్రు కల్లు గీయడానికి ఎక్కినప్పుడు నిచ్చెన పట్టుకున్నది తానేనని సోములమ్మ చెప్పింది. పొయ్యి మీద అంబలి పొంగుతోందని వదిలి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అతడు నేల మీద ఉన్నాడు. అతన్ని మట్టి చేసి వచ్చి నిచ్చెనను ముట్టుకుంటే బరువు తెలిసింది. ఇంకా పైనే ఉన్నాడు. వదిలితే మళ్లీ పడతాడు. వండుకోవడానికి, పడుకోవడానికి మట్టుకు తాడుతో మానుకు బిగించి వెళుతుంది. తాడు మీద నమ్మకం లేక పరుగున వస్తుంది. ఇప్పుడు కూతురు కృపావతి సాలూరు ఆసుపత్రిలో ప్రసవించింది. మనవరాలిని చూడాలి. ఊళ్లో ఎవరూ ఆ వెదురును తాకరు.

"సాయంత్రం జీపుకొచ్చేత్తాను. అందాకా పట్టుకుంటావేటమ్మా?"

మెర్లిన్ బైబిలు చదివే ఇంటి పిల్ల. చనిపోయినవారు ఎక్కడ ఉంటారో ఆమెకు తెలుసు. దుఃఖంతో వాదించకూడదు, కాసేపు దాని ఎదుట మర్యాదగా నిలబడాలి అనుకుంది. జీపు మలుపు తిరిగాక వదిలేయవచ్చు. సరేనంది.

సోములమ్మ ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా వెదురు చుట్టూ మూసింది.

"పైకి సూడకు. పిలిత్తే పలుకు. బేగి దిగమని మాత్రం అనకు."

జీపు మలుపు తిరిగింది. మెర్లిన్ చేతులు సడలించబోయింది.

వెదురు వంగింది. గాలి లేదు. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు కాలు మారినప్పుడు దిగే బరువు అరచేతుల్లోంచి భుజాలకు వచ్చింది. పైన కత్తి గెలను గీస్తున్న చప్పుడు మొదలైంది. ఆమె ప్రార్థన సగంలో ఆగింది; ఆగిన చోట ఎవరో ఊపిరి తీసుకున్నారు. తన నమ్మకం నిజమే కావచ్చు. దాన్ని పరీక్షించాలంటే చేతులు తీయాలి.

తీయలేదు.

పొద్దు వాలుతుండగా జీపు తిరిగి వచ్చింది. అందులో ఫల్గుణ ఒక్కడే ఉన్నాడు. దూరంగానే ఆగాడు. ఈసారి నవ్వలేదు.

"అత్త అక్కడే ఉండిపోనాది మేడమ్. మనవరాలు గుంటని ఒళ్లో ఏసుకుని పాడతంది. తమరి సేతులు గట్టివంట." మిగిలినది కూడా చెప్పాడు. "పదో మెట్టు రాసుకోమంది."

ట్యాబ్ గడ్డిలో పడి ఉంది. ఆ జవాబు నిజమైనదే, నమోదు చేయదగినదే. నొక్కడానికి ఒక చెయ్యి కావాలి.

పైనుంచి, తొందరేమీ లేని గొంతు ఒకటి సోములమ్మను పిలిచింది.

మెర్లిన్ పలికింది.