పిండిడబ్బాలో ఫోను

కోడలు కాన్పయి ఇంటికొచ్చిన పూటే ఎల్పీదియా ఆమె చేతిలోంచి ఫోను లాక్కుని, మొక్కజొన్నపిండి డబ్బాలో పడేసి, మూత బిగించింది. నలభై రోజులు. అంతవరకూ బాలింత ఫోను చూడకూడదు, చన్నీళ్లు ముట్టకూడదు, గుమ్మం దాటకూడదు, చెవుల్లో దూది తీయకూడదు. ఫోను వెలుగు కళ్లలో పడితే చూపు మందగిస్తుందని తాము వదిలొచ్చిన మిచోవాకాన్‌లో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. దేశం దాటి ఈ సాలినాస్‌కొచ్చి పద్దెనిమిదేళ్లుగా లెట్యూస్ తోటల్లో నడుం విరగ్గొట్టుకుంటున్నంత మాత్రాన ఆ సంగతి మారిపోతుందా?

"అత్తయ్యా, అందులో గ్రిసెల్దాగారి ప్రశ్నలొస్తాయి. ప్రతి సోమవారం జవాబు పంపాలి" అంది యారెలి మంచం మీంచి.

"పంపుదువుగానిలే. ముందు ఈ కోడిచారు తాగు. పిల్లకి పాలు ఫోన్లోంచొస్తాయా?"

హెరిబెర్తో పనికి వెళ్తూ బూట్లు తొడుక్కుంటున్నాడు. "అమ్మతో పెట్టుకోకు యారెలీ. ముప్ఫయ్యేళ్లొచ్చినా నాకే ఇంకా చెవి మెలిపెడుతుంది" అని నవ్వి వెళ్లిపోయాడు. తోటలో కోతల కాలం. అతను ఇంట్లో కనిపించేది అన్నం వేళకీ నిద్రకీ మాత్రమే.

గ్రిసెల్దా అనే ఆవిడ క్లినిక్ తరఫున ఇల్లిల్లూ తిరుగుతుంది. యారెలికి ఎనిమిదో నెలలో వచ్చి, ఈ వంటింట్లోనే కూర్చుని, ఆ ఏర్పాటు ఫోన్లో పెట్టి వెళ్లింది. "కాన్పయ్యాక కొందరికి దిగులు కమ్ముకుంటుందమ్మా. అది ముదరకముందే పట్టుకోవాలని ఇది. వారానికి ఐదు ప్రశ్నలు, మన స్పానిష్‌లోనే. ఉన్నదున్నట్టు రాయి. బాగోలేదని రాశావో, మా మనిషి వెంటనే నీకు ఫోన్ చేస్తుంది" అని చెప్పింది. రోజూ ఒక మంచిమాట కూడా పంపేది ఆ ఫోను. తల్లి లేని పిల్ల యారెలి. ఆ మాటలు పైకి చదివి కడుపులో బిడ్డకు వినిపించేది.

పొయ్యి దగ్గరున్న ఎల్పీదియాకి ఆ రోజు సగమే వినబడింది. మిగతా సగం ఆవిడే పూరించుకుంది. రెండిళ్ల అవతల చాయో అనే పిల్ల ఉండేది. "ఊరికే ఏడుపొస్తోంది" అని ఎవరో నర్సుతో అందట, నాలుగో రోజుకి పిల్లల సంక్షేమం ఆఫీసు కారొచ్చి పసిబిడ్డను తీసుకుపోయింది. మొగుడి తాగుడు చూసి తీసుకుపోయారని కొందరన్నారు. ఎల్పీదియా ఆ మాట చెవిన పెట్టలేదు. నోరు జారితే బిడ్డ పోతుంది, ఆవిడకు తెలిసిందంతే.

సోమవారం పొద్దున్నే డబ్బా లోపల ఫోను బరబరా కొట్టుకుంది. ఎల్పీదియా పిండి దులిపి, కళ్లద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఈ వారం మీరు నవ్వగలిగారా?

"ఇదేం ప్రశ్న నా తల్లీ! నవ్వుల లెక్క కూడా కావాలా వీళ్లకి?" అనుకుంది. ఒంటి వేలితో కొట్టింది: చాలా నవ్వాను, దేవుడి దయ. తిండి సరిగా తింటున్నారా? మూడు పూటలా, మా అత్తయ్య చేతి చారు. నిద్ర? హాయిగా. మిగతా రెండూ అలాగే.

జవాబు టక్కున వచ్చింది. "చాలా సంతోషం, యారెలీ! మీరు చక్కగా చేస్తున్నారు. ఇలాగే కొనసాగించండి."

ఎల్పీదియా ఒళ్లు పొంగిపోయింది. ఐదుగురు పిల్లల్ని కన్నది, ఇద్దరిని మట్టిలో పెట్టింది, యాభై ఎనిమిదేళ్లలో చక్కగా చేస్తున్నావని ఆవిడతో ఒక్కరంటే ఒక్కరు అన్న పాపాన పోలేదు. ఆ మాట మరో రెండుసార్లు చదువుకుని, ఛార్జింగు పెట్టి, ఫోను మళ్లీ పిండిలో దాచింది. ఆ తర్వాత సోమవారం వస్తుందంటే ఎదురుచూసేది, నవ్వొస్తుంది చెబితే.

ఇటు యారెలి మాట తగ్గిపోయింది. చారు మీద కొవ్వు పేరుకునేదాకా గిన్నె అలాగే ఉండేది. పిల్లని చేతిలో పెడితే పాలిచ్చేది, తీసుకుంటే ఇచ్చేసేది. గుక్కపట్టి ఏడుస్తున్నా గోడకేసి చూస్తూ కూర్చునేది. ఎల్పీదియా గుడ్డిది కాదు, చూసింది. తనకూ రెండో కాన్పులో ఇలాగే అయింది. ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు, ఎప్పటికో అదే పోయింది. నలభయ్యో రోజు ఆకులు కాచిన నీళ్లతో తలంటు పోస్తే అంతా దిగిపోతుందని గట్టిగా నమ్మింది.

నాలుగో సోమవారం డబ్బా మోగగానే యారెలి మంచం దిగి వంటింటి దాకా వచ్చింది.

"అత్తయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను. ఐదు నిమిషాలు ఇవ్వండి."

"కళ్లు పోతాయే పిచ్చిదానా! పన్నెండు రోజులు ఓపిక పట్టలేవా?"

"పట్టలేను."

ఆ మాట అన్న తీరుకి ఎల్పీదియా కాస్త మెత్తబడింది. అయినా ఫోను మాత్రం వదల్లేదు. "సరే, నువ్వు చెప్పు, నేను రాస్తాను. కళ్లకీ ఇబ్బంది లేదు."

యారెలి గడపకి ఆనుకుని నిలబడి, చాలా రోజులుగా మనసులో కూర్చుకున్నట్టు ఒక్కో మాటా చెప్పింది. "ఆ పిల్ల నాది అనిపించడం లేదు. ఎవరో నా చేతిలో పెట్టి మర్చిపోయినట్టుంది. నాకు నిద్ర లేదు. పొద్దున లేస్తే చచ్చిపోతే బాగుండు అనిపిస్తోంది. నాకు భయమేస్తోంది. ఎవరైనా ఫోన్ చేయండి. అంతే, రాయండి."

ఎల్పీదియా శిలువ గుర్తు వేసుకుంది. కళ్లముందు ఆఫీసు కారు ఆగింది. ఒంటి వేలితో కొట్టింది: మేమంతా బాగున్నాం. పిల్ల బంగారుకొండ.

"రాశారా?"

"రాశానమ్మా."

"అంతా?"

"అంతా."

ఫోను టింగుమంది. "ఏమన్నారు? ఏమన్నారత్తయ్యా?" యారెలి ముందుకొచ్చింది. మొహంలో నెల రోజులుగా లేని ప్రాణం కనబడింది. ఎల్పీదియా తెర చూడనివ్వకుండా ఫోను గుండెకి హత్తుకుంది. అప్పటికప్పుడు కల్పించి చెప్పడం చేతకాలేదు. ఒక మంచిమాట చెవిన పడితే కోడలికి ధైర్యమొస్తుందనీ అనుకుంది. ఉన్నదున్నట్టు చదివింది.

"చాలా సంతోషం, యారెలీ. మీరు చక్కగా చేస్తున్నారు. ఇలాగే కొనసాగించండి."

"అంతేనా?" అంది యారెలి.

"అంతే. చూశావా, ఎంత బాగా మాట్లాడతారో!"

యారెలి వెళ్లి పడుకుంది. ఆ రోజు గిన్నెలో చారు మొత్తం తాగింది. మళ్లీ ఫోను అడగలేదు. హమ్మయ్య, దారికొచ్చింది అనుకుంది ఎల్పీదియా. అయ్యో, అలా ఎలా అనుకుందో!

గురువారం, ముప్ఫయ్యొకటో రోజు. పది గంటలకి ఎల్పీదియా బట్టలుతికే చోటు నుంచి తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పిల్ల శాలువాలో నీటుగా చుట్టబడి నిద్రపోతోంది. దొర్లిపోకుండా చుట్టూ దిళ్లు, పక్కనే కలిపిపెట్టిన పాలసీసా. దిండు మీద తలకి కట్టుకునే గుడ్డ, నడికట్టు, చెవుల్లోంచి తీసిన రెండు దూదిపింజెలు.

ఎల్పీదియా పేరు పెట్టి అరిచింది. తన ఫోను నుంచి హెరిబెర్తోకి చేసింది, తోటలో ఎత్తలేదు. ఎవరికి చెప్పాలో తోచలేదు. డబ్బా ఒలకబోసి, పిండి చేతులతోనే కొట్టింది: యారెలి ఇంట్లో లేదు. చచ్చిపోవాలనిపిస్తోందని సోమవారమే చెప్పింది. నేను రాయలేదు. అబద్ధాలన్నీ నావే. నేను అత్తని.

నిమిషం కూడా గడవలేదు, ఫోను మోగింది. ఆడమనిషి గొంతు, మన భాషే, ఎంతో నెమ్మదిగా. "అమ్మా, కంగారుపడకండి. ఏ రంగు బట్టలు వేసుకుంది? దగ్గర్లో నీళ్లేమైనా ఉన్నాయా?" ఇంత దగ్గర్లో ఉందా ఈవిడ? ఈ నాలుగు వారాలూ ఇంత దగ్గరే ఉందా?

పొలాలకి నీళ్లు తోడే గుంటలోంచి యారెలిని పైకి లాగారు. ప్రాణం దక్కింది.

శనివారం మధ్యాహ్నం ఎల్పీదియా ఆసుపత్రికి వెళ్లింది. హెరిబెర్తో తల్లితో మాట్లాడటం మానేశాడు. కారాపి, దించి, వెళ్లిపోయాడు. గది బయట గ్రిసెల్దా ఉంది. ఆవిడ తిట్టలేదు. "బాలింత కాక మరొకరు రాస్తారేమోనన్న ఆలోచన మాకూ రాలేదు. మాదీ తప్పే" అంది. "కానీ ఆ సంగతి ఆ పిల్లకింకా తెలీదు. చెప్పాల్సింది మీరు."

యారెలి కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఎల్పీదియా మంచం పక్కన కూర్చుని, పమిటలాంటి తన శాలువా కొంగుతో ఫోను తుడిచి అందించింది.

"నాకొద్దు" అంది యారెలి. "వాళ్లకి చెప్పాను కదా. చాలా సంతోషం అన్నారు."

"నువ్వు చెప్పింది వాళ్లకి అందలేదే తల్లీ. నేను పంపలేదు." అంతా చెప్పింది. చాయో సంగతీ, ఆఫీసు కారు సంగతీ. నన్ను క్షమించు అన్నది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

యారెలి ఇటు తిరిగి ఫోను తీసుకుంది. మొదటి సోమవారం నుంచీ పైకి చదివింది. "చాలా నవ్వాను... హాయిగా నిద్ర... ఎవరత్తయ్యా ఈ మనిషి? ఇంత సుఖపడుతోంది."

యారెలి తెరను నాలుగో సోమవారం దాకా జరిపింది.

"నేనన్నది ఎక్కడా లేదు. ఒక్క మాట కూడా."

"లేదమ్మా."

యారెలి ఫోను ఆవిడ ఒళ్లో పెట్టింది. "ఇప్పుడు రాయండి. ఆ పిల్ల నాది అనిపించడం లేదు."

ఎల్పీదియా కళ్లద్దాలు పెట్టుకుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, కళ్లు తుడుచుకుంటూ కొట్టింది.

"రాశారా?"

"రాశాను."

"చూపించండి" అంది యారెలి.