తేరకూడని నీళ్లు

డెబ్బై ఏడు ఏప్రిల్. అమావాస్య గనుక ఆ రోజు ఇంటి పక్కనున్న రైస్‌మిల్లు బందు. మిర్యాలగూడకు కాపురానికి వచ్చిన ఇరవై రెండు రోజుల్లో, కాళ్ల కింద నేల అదరని ఉదయం మంగకు ఇదే మొదటిది. దాని కోసమే మొగుడూ పెళ్లామూ తెల్లవారకముందే లేచారు.

మొగుడు కైలాసం విశాఖపట్నంలో సముద్రపు మట్టి మీద పరిశోధన చేస్తున్నాడు. పెళ్లి సెలవుకు వస్తూ పెట్టెలో ఒక సీసా తెచ్చాడు. అందులో చెంచాడు బూడిదరంగు మట్టి. బంగాళాఖాతం అడుగు నుంచి గొట్టంతో తీసిన నలభై పొరల్లో కొలవకుండా మిగిలింది అదొక్కటే. తిరిగి వెళ్లగానే, పొరకో చుక్క పెట్టి గీసిన పటం అప్పగించాలి. ఈ పొర తేలకపోతే పటం మధ్యలో ఖాళీ.

"అడుగున నీళ్లు జోరుగ పారితే సన్నమట్టి ఆగదు, జర ముతక గింజే ఆగుతది" అని పెళ్లయిన మూడో రోజే చెప్పాడతను. "గింజ కొలిస్తే వేల ఏండ్ల కిందటి ప్రవాహం తెలుస్తది." బి.యస్సీ. చదివిన మంగకు ఆ మాట మల్లెల కన్నా నచ్చింది.

పొడవాటి గాజు జాడీలో బ్యాటరీ షాపులో అమ్మే శుద్ధమైన నీళ్లు పోసి, మట్టి కలిపి, గడియారం చూస్తూ ఒకే లోతు నుంచి సన్నని గొట్టంతో కాసిని నీళ్లు పీల్చాలి. ముతక గింజ ముందు, సన్నది తర్వాత దిగుతుంది గనుక పీల్చినవాటిని ఆరబెట్టి తూస్తే ఏది ఎంతో తెలుస్తుంది. ఆఖరిసారి పీల్చేది మట్టి కలిపిన ఆరున్నర గంటల తర్వాత. మిల్లు ఆడితే ఆ అదురుకు మట్టి సరిగ్గా దిగదు.

పదకొండింటికి కైలాసం గోడకు ఆనుకుని నిద్రపోయాడు. అతని మీసం మీద మట్టి మరక చూసి మంగకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. పెరట్లో స్నానం చేసి వచ్చేసరికి జాడీ దగ్గర అత్త ఆండాళమ్మ, చేతిలో పటిక ముక్క.

"పొద్దటి సంది సూస్తున్న బిడ్డా, మురికి దిగుతనే లేదు. కాలువ నీళ్లకు తిప్పినట్టే జర తిప్పిన. ఎంత మంచిగ తేరినయో సూడు!"

మంగ వంగి జాడీలోకి చూసింది. సన్నదీ ముతకదీ ఒకదాన్నొకటి అంటుకుని ముద్దగా అడుగున కూర్చున్నాయి. ఇక ఏ గింజ ఎంతో చెప్పలేరు.

కైలాసం లేచి చూశాడు. "అయిపాయె" అని మాత్రం అన్నాడు.

"తప్పు చేసిన్నా?" ఆండాళమ్మ గొంతు పీలగా వచ్చింది.

మంగ సీసా తీసుకొచ్చింది. "ఏమండీ, తిట్టనంటే చెప్తా. సగం దీంట్లోనే ఉంచాను."

"మొత్తం వెయ్యమన్న గదా?"

"పెరుగు తోడుకు తీసి పెట్టినట్టు... అలవాటు."

కైలాసం మొహం వెలిగి, వెంటనే వాడిపోయింది. "సగం సరిపోతది. కానీ మట్టి రాత్రంతా నానాలె, రేపేమో మిల్లు ఆడుతది. ఎల్లుండి నేను బస్సెక్కాలె."

"అసలు ఆ మట్టిల ఏమున్నది?" అంది ఆండాళమ్మ.

"వడ్లు తూర్పారబడితే, ఏది ఎక్కడ పడిందో చూసి గాలి జోరు చెప్పొచ్చు కదా అత్తయ్యా? ఇదీ అంతే."

"గంతేనా! ముందే చెప్పొద్దా?" అంటూ ఆమె నేరుగా మిల్లు నడిపే పెద్దకొడుకు ఆనందం దగ్గరికి నడిచింది. మంగ వెంట వెళ్లింది.

"రేపు మధ్యాన్నందాక మిల్లు తీయకు."

"త్రిపురారం నుంచి వడ్ల బండ్లు వస్తయమ్మా! వాళ్లకు ఏమని చెప్పాలె?"

"మా అమ్మ పని ఖరాబు చేసిందని చెప్పు. నామోషీ నాది, నీకేంది?"

మర్నాడు తెల్లవారుజాము నుంచే ఆండాళమ్మ జాడీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. విసనకర్ర ఒళ్లోనే ఉంది గానీ విసరలేదు. బయట బండ్లవాళ్లు గొణుగుతుంటే, "ఇంట్ల సముద్రం దిగుతున్నది, జర ఆగుండ్రి!" అని కేకేసింది.

"ఇంకా మురికిగనే ఉన్నయా బిడ్డా? నా కండ్లు గుంజుతున్నయి."

"ఉన్నాయి అత్తయ్యా." మంగ నడుము విరిగిపోతోంది.

పన్నెండున్నరకు కైలాసం ఆఖరిసారి పీల్చాడు. గుమ్మంలోంచి ఆండాళమ్మ మిల్లు వైపు చెయ్యి ఊపింది. నేల మళ్లీ అదిరింది.

ఆరబెట్టడం, తూచడం అయ్యేసరికి సాయంత్రమైంది. ముతక గింజల వాటా పక్క పొరల కన్నా ఎక్కువ తేలింది. అంటే ఆ కాలంలో నీళ్లు జోరుగానే పోయాయి. పెన్సిలు మంగ చేతికిచ్చాడు కైలాసం. పటం మధ్య ఖాళీలో, అటూ ఇటూ ఉన్న చుక్కల కన్నా కాస్త పైన ఆమె ఒక చుక్క పెట్టింది.

ఆండాళమ్మ వంగి చూసింది. "గీ చుక్క కోసమేనా ఇంత పరేషాన్?"

"దీని కోసమే అత్తయ్యా."

ఆమె పెద్దగా ఆవలించింది. "జర పెద్దగ పెట్టు మరి. కనబడాలె కదా."