ఉంటాను మరి

నేను ఒక టెలిఫోన్‌ని. జేబులో పట్టే రకం కాదు. వంటగది గట్టు మీద, పోపులపెట్టె పక్కన, గోడలోంచి వచ్చిన తీగకి కట్టుబడి కూర్చునేదాన్ని. నా పుట్టుక దగ్గర మొదలుపెడదామని ఉంది గానీ, ఈ ఇంట్లో పొద్దుటినుంచీ నడుస్తున్న వాదన కాస్త తగ్గితే తప్ప నా గోడు మీకు వినపడదు.

"కింద గదిలో పడుకోవడానికి కుసుమేమైనా చుట్టమా?" అంటున్నాడు ఇంటాయన భాస్కరం. "పైన మేధ గది ఇద్దాం. మనందరి మధ్యా ఉంటుంది."

"మీ చెల్లెలికి మోకాళ్ల నొప్పులండీ బాబూ," అంది ఆయన భార్య హైమ. "మెట్లెక్కించి మర్యాద చేస్తారా?"

"మర్యాదలు బయటివాళ్లకి."

"అయితే మోకాళ్లు మాత్రం ఇంట్లోవాళ్లవి, అరిగినా పర్లేదు. అంతేగా?"

దుప్పట్లు అప్పటికే రెండుసార్లు మెట్లెక్కి దిగాయి. పన్నెండేళ్ల మేధ తన గదిలో సామానంతా అట్టపెట్టెలో సర్దేసి, "అత్తకి నా కిటికీ ఇష్టం, నేను అక్క దగ్గర పడుకుంటా" అని తీర్పు చెప్పేసింది. కాలేజీ నుంచి సెలవులకి వచ్చిన అక్క మైత్రి, ఆ తీర్పు తనకి సమ్మతం కాదంటోంది.

వాళ్లు అలా సంబరంగా పోట్లాడుకుంటుంటే నాకు దిగులుగా ఉంది. ఎందుకంటే కుసుమ రావడం లేదు. ఆ సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అందరి మాటలూ మోస్తాను గానీ, నాకంటూ ఒక మాట లేదు.

నేను సముద్రాల అవతల ఒక పెద్ద షెడ్డులో పుట్టాను. నాకు గంట అమర్చిన పిల్ల ఎవరో, ఆ పిల్ల తన ఇంటివాళ్లతో ఎన్నాళ్లకోసారి మాట్లాడేదో నాకు తెలియదు. ఓడెక్కి అమెరికా వచ్చి, లారీ ఎక్కి, పిట్స్‌బర్గ్‌లో ఒక దుకాణం అరలో కూర్చున్నాను. కుసుమ, ఆమె భర్త శ్రీహరి వచ్చి, నన్నూ నాలాంటిదే ఇంకొకదాన్నీ కొన్నారు. దాన్ని వాళ్లింట్లో పెట్టుకున్నారు. నన్ను మూడు గంటల దూరంలో ఉన్న ఈ కొలంబస్‌కి, అన్నగారి గృహప్రవేశానికి, కొత్త బట్టల మీద పెట్టి తెచ్చి ఇచ్చారు. అప్పటినుంచీ ఈ అన్నాచెల్లెళ్లు మాట్లాడుకున్నప్పుడల్లా మేమిద్దరం తోబుట్టువులమూ కలుసుకున్నట్టే.

సెల్‌ఫోన్లు వచ్చాక నన్ను పీకేద్దామన్నారు. కుసుమ ఒప్పుకోలేదు. "సెల్‌కి చేస్తే ఒక మనిషి ఎత్తుతాడు వదినా. దీనికి చేస్తే ఇల్లు ఎత్తుతుంది," అంది. అలా బతికిపోయాను.

మన పండగలకి ఇక్కడ సెలవులుండవు. అందుకని వీళ్లు సెలవున్న పండగనే తమ పండగ చేసుకున్నారు. థాంక్స్‌గివింగ్ అంటే గురువారం పండగకి బుధవారం చీకటి పడేసరికి కుసుమా శ్రీహరీ దిగడం, ఊరంతా టర్కీ కోడి కోసం తిరుగుతుంటే భాస్కరం నాటుకోడి కోసం తిరగడం, గారెలు, పేకాట, ఆదివారం వెళ్లేటప్పుడు కారు తలుపు తీసి పట్టుకుని గంటసేపు కబుర్లు. ఆ గంట కోసమే నాలుగు రోజులూ ఆగారా అనిపించేది నాకు.

మూడేళ్ల కిందట శ్రీహరి పోయాడు. ఏడాది పండగలు లేవన్నారు పెద్దలు. ఆ ఏడు ఎవరూ ఎవరినీ పిలవలేదు. మరుసటేడు, "పుట్టింటికి పిలుపేమిటి, అదే వస్తుంది," అనుకున్నాడు భాస్కరం. పిలుస్తారని కుసుమ చూసింది. ఆ పైయేడూ అంతే. ఆదివారాలు మాత్రం తప్పలేదు. మంచు కురిసిందా, మోకాళ్లెలా ఉన్నాయి, కరివేపాకు మొక్క చలికి బతికిందా. ఇన్ని మాటలు మోశాను గానీ అందులో 'రా' అన్న ఒక్క అక్షరం లేదు. మనుషులు సముద్రం అడుగున కూడా తీగలు వేసుకోగలరు. ఆ ఒక్క అక్షరం దగ్గరికొచ్చేసరికి ఎదుటివాళ్లే అనాలని కూర్చుంటారు.

మొన్న ఆదివారం కుసుమ చేసేసరికి ఇంట్లో మేధ ఒక్కతే ఉంది. బడి సంగతులయ్యాక ఆ పిల్ల, "థాంక్స్‌గివింగ్‌కి అక్క వస్తోందత్తా, నువ్వో?" అంది. పిలుపు లేదని చిన్నపిల్లతో కుసుమ ఏం చెబుతుంది? మాట తప్పించి, ఫోన్ పెట్టేసేముందు మనవాళ్లందరూ అనేదే అంది.

"సరేనమ్మా, ఉంటాను మరి."

మేధ ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల. ఈ మాట సెలవు తీసుకోవడానికని దానికెవరూ చెప్పలేదు. ఉంటానంటే ఉండటమే కదా! అమ్మానాన్నా ఇంట్లో అడుగు పెట్టగానే, "థాంక్స్‌గివింగ్‌కి కుసుమత్త మనింట్లో ఉంటుందట!" అని గెంతింది.

హైమ ఒకసారి ఫోన్ చేసి అడుగుదామంది. "వద్దు," అన్నాడు భాస్కరం. "తనంతట తను వస్తానంటే, మళ్లీ అడిగితే ఎందుకొస్తున్నావన్నట్టుంటుంది." అంత సున్నితం! అడక్కపోవడంలో ఇంత ఆరితేరినవాళ్లని నేనింకెక్కడా చూడలేదు.

ఇవాళ బుధవారం, దుప్పట్ల వాదన ఇంకా తేలకముందే నేను మోగాను. భాస్కరం స్పీకరు నొక్కి, ఉత్సాహంగా, "ఎక్కడిదాకా వచ్చావే?" అన్నాడు.

"ఎక్కడికి?" అంది కుసుమ.

వంటగదిలో అందరూ నా వైపు తిరిగారు.

"ఇంటికేనే. బయల్దేరలేదా?"

"నేనెప్పుడొస్తానన్నానన్నయ్యా? రేపు నాకు ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ."

"అత్తా!" మేధ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నువ్వే కదా ఉంటానన్నావు! ఉంటాను మరి అన్నావు!"

కుసుమకి అర్థం కావడానికి కాస్త పట్టింది. పకపకా నవ్వింది. "ఓసి నా బంగారం! అది... అది పెట్టేస్తున్నానని చెప్పడమే తల్లీ." ఆ నవ్వు ఇటువైపెవరూ అందుకోలేదు. అటువైపూ నెమ్మదిగా ఆగిపోయింది.

"పక్క కూడా వేసేశాం కుసుమా," అంది హైమ. "పైనా వేశాం, కిందా వేశాం. మీ అన్నయ్యకీ నాకూ పొద్దుటినుంచీ అదే గొడవ."

"నా కోసమా?"

"మరెవరి కోసం? ఇన్నేళ్లుగా రావడమే మానేశావు. ఏంటమ్మాయీ నీ పంతం?"

"పంతమేముంది వదినా. పండగలు లేవన్నారు కదా."

"అది ఏడాదికేనే పిచ్చిపిల్లా!"

"అవును," అంది కుసుమ, మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెబుతున్నట్టు. "మళ్లీ ఉన్నాయని ఎవరూ చెప్పలేదు."

హైమ భర్త వైపు చూసింది. ఆయన నన్ను చూస్తున్నాడు, నా లోపల చెల్లెలు కూర్చుని ఉన్నట్టు.

"చెప్పాల్సింది నేను," అన్నాడు చివరికి. "రేపు మానడానికి లేదా?"

"లేదన్నయ్యా. నాతో పనిచేసే ఒక పిల్ల చంటిబిడ్డని తీసుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. దాని బదులు నేనొప్పుకున్నా. చీకటి పడ్డాక గానీ ఇంటికి రాను." మళ్లీ తనే, "పర్లేదులే. నాకు అలవాటే," అంది.

మైత్రి వచ్చి చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. హైమ మినప్పప్పు కడుగుతూ ఆగిపోయింది. భాస్కరం గొంతు పెంచలేదు. భార్యకీ, ఇద్దరు కూతుళ్లకీ, తీగకి అవతల ఉన్న మనిషికీ కలిపి ఒక్కసారే చెప్పాడు.

"పప్పు ఇక్కడ రుబ్బొద్దు హైమా. రేపు పొద్దున్నే అందరం పిట్స్‌బర్గ్ వెళ్తున్నాం. కుసుమా, తాళంచెవి పక్కింటావిడకిచ్చి నువ్వు డ్యూటీకి వెళ్లు. నువ్వొచ్చేసరికి గారెలు వేడిగా ఉంటాయి."