వాపసు కాలపు నాన్న

దుకాణాల అద్దాలు తుడవడం ఆమె పని. పైన యజమాని లేడు, నెలజీతమూ లేదు. ఒక బకెట్టు, రబ్బరు పట్టీ ఉన్న కర్ర, నాలుగు పాతగుడ్డలు, అంతే ఆస్తి. బజారంతా ఆమెను అద్దాలమ్మ అంటుంది. తొమ్మిదేళ్ల కూతురితో ఒంటిగది ఇంట్లో ఉంటుంది. కూతురి తండ్రి వేరే వెళ్లిపోయి నాలుగేళ్లయింది. ఆ పెద్దమనిషి అమావాస్యకో పున్నానికో కనబడితే కనబడినట్టు.

ఆ ఏడాది పన్నుల లెక్క చూపించుకోవడానికి ఆమె ఉచిత సహాయ కేంద్రానికి వెళ్లింది. సబ్బునీళ్లకు ఉబ్బిపోయిన ఆమె రసీదులను గుమాస్తా రెండువేళ్లతో విడదీసి, లెక్క కట్టాడు.

"సొంతపని కదా, కొంత పన్ను పోతుంది. అయినా పిల్ల ఉంది కాబట్టి ప్రభుత్వమే మీకు ఎదురు వాపసివ్వాలి. మూడు నెలల ఇంటద్దె దాకా రావచ్చు. అంచనా మాత్రమే సుమా!"

"పిల్ల లేకపోతే?"

"ఇక్కడికొచ్చిన బస్సు ఖర్చులు కూడా గిట్టవు."

ఆ వారమే పెద్దమనిషి ఊడిపడ్డాడు. చేతిలో నొక్కితే కుయ్యిమనే రబ్బరు బొమ్మ. కూతురు దాన్ని అటూ ఇటూ తిప్పి, "పక్కింటి చంటివాడికి ఇచ్చేయనా అమ్మా?" అంది.

అతను కాసేపు నొచ్చుకుని, అసలు సంగతికొచ్చాడు. "ఈ ఏడాది పాపను నా లెక్కలో చూపించుకుంటా. నీ సంపాదన ఏపాటిది? నాకైతే ఎక్కువొస్తుంది, కనుక్కున్నాను కూడా. అందులో నీకూ కొంత పడేస్తాలే."

ఆమెకు ఒళ్లు మండింది. తిట్టడానికి నోరు చేసుకోవడం కూడా దండగనిపించి, లేచి పిల్ల బట్టలు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది.

"అదేంటి?"

"సగం ఏడాదికి పైగా ఎవరింట్లో ఉంటే వాళ్ల లెక్కలోనే పిల్లట. తీసుకెళ్లు. పొద్దున పిలిస్తే లేవదు, లాగాలి. తల్లో పేలున్నాయి, దువ్వాలి."

"కాగితం మీద అన్నానే తల్లీ, ఇంటికి కాదు!"

"కాగితం మీద పిల్ల కావాలంటే కాగితాన్నే పెళ్లాడాల్సింది."

ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. ఆ వేగంతో జారుకున్నాడు.

తీరా ఆమె పంపిన లెక్క తిరిగొచ్చింది. పిల్లను ఇప్పటికే ఇంకొకరు చూపించుకున్నారట. తారీఖు చూస్తే, బొమ్మ తెచ్చిన రోజుకు వారం ముందుది. అంటే అడగడానికి రాకముందే పని కానిచ్చేశాడన్నమాట! అడక్కుండా దొంగిలించేవాళ్లను చూసింది గానీ, దొంగిలించాక తీరిగ్గా అడగడానికి వచ్చేవాణ్ని ఆమె ఇదే చూడటం.

అత్తగారు ఫోను చేసింది. "పోనీలేవే, వాడికీ ఖర్చులుంటాయి. అదీ మా రక్తమే కదా."

"దానికి జ్వరమొచ్చినప్పుడు మీ రక్తం ఏ ఊరెళ్లింది అత్తయ్యా?"

అత్తగారు దగ్గి, ఫోను పెట్టేసింది.

పిల్ల తన దగ్గరే ఉంటోందని బడిలోనూ ఆసుపత్రిలోనూ రాయించుకుని, పని మానుకుని పన్నుల ఆఫీసులో వరసలో నిలబడింది. అక్కడి కిటికీ అద్దం ఎన్నేళ్లుగానో నీటిచుక్క ఎరగదు. 'వీళ్లకు బయటి మనుషులు కనబడకపోవడంలో వింతేముంది' అనుకుంది.

ఎండలు ముదిరి, వానలు వెలిశాక డబ్బు వచ్చింది. అంచనా కంటే తక్కువే. "అంచనా అనే చెప్పాగా!" అని గుమాస్తా పళ్లికిలించాడు. అద్దె బాకీ తీరింది, పిల్లకు కళ్లజోడు అమరింది.

పెద్దమనిషికి మాత్రం మింగింది జరిమానాతో సహా కక్కమని తాఖీదు వెళ్లింది. చెప్పుల దుకాణం దగ్గర అద్దం తుడుస్తుంటే వచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నువ్వు కాస్త సర్దితే... ఎంతైనా పిల్ల తండ్రిని."

ఆమె గుడ్డ పిండింది. "ఏడాదిలో ఏ నెలలో?"

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఆమెకూ లేదు. బకెట్టు తీసుకుని పక్క దుకాణానికి నడిచింది.

ఆఖరికి అత్తగారే తన బంగారు గాజులమ్మి ఆ డబ్బు కట్టిందని విన్నప్పుడు, అందరూ అయ్యో అన్నారు గానీ ఆమె అనలేదు. ఆ కొడుకును అలా పెంచింది ఆవిడే మరి.