ఇల్వా స్కీలకు మైనం పూసిందెవరు

మా స్కోర్‌దాల్ పిల్లల స్కీ క్లబ్బులో సీజను ఆఖరి పందెం ఏటా ఏప్రిల్ మూడో శనివారం జరుగుతుంది. అప్పటికి ఊళ్ళో మంచు కరిగి బురద తేలుతుంది కాబట్టి అందరం కార్లలో కొండ మీదికి ఎక్కాలి. పిల్లల్లో సగం మంది ఫుట్‌బాల్‌లోకి ఫిరాయించి ఉంటారు. మిగిలిన సగం తల్లిదండ్రులకు జడిసి వస్తారు. తల్లిదండ్రులు ఒకరికొకరు జడిసి వస్తారు.

నా పేరు గున్వోర్. బడి బస్సు నడుపుతాను, పందేల రోజున క్లబ్బు గుడిసెలో వాఫుల్స్ వేస్తాను. నాకు నోరు పెద్దదని పేరు. రోజూ ముప్పై మంది పిల్లల్ని వేసుకుని కొండదారిలో బస్సు నడిపితే ఎవరి నోరైనా పెద్దదవుతుంది. చిన్నప్పుడు నేనూ ఇదే క్లబ్బులో స్కీ పందేలు ఆడాను. జిల్లా పందెంలో నాలుగు సెకన్ల తేడాతో రెండోదాన్నయ్యాను. స్కీల అడుగున పూసిన మైనం తప్పు కావడం వల్లే ఓడిపోయానని ముప్పై ఏళ్ళుగా కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాను. మా ఆయన యోస్టైన్ సముద్రం మీద చమురు బావిలో ఉద్యోగం చూసుకున్నది ఆ కథ వినలేకే అని ఊళ్ళో అంటారు.

మాకు ఒక్కతే కూతురు, ఇల్వా. పన్నెండేళ్ళది. మార్చిలో ఒక ఆదివారం నాతోపాటు బంగాళదుంపలు ఒలుస్తూ మెల్లగా మొదలుపెట్టింది.

"అమ్మా, నేను క్లబ్బు మానేద్దామనుకుంటున్నా."

"ఎందుకే? కాళ్ళు నొప్పులా?"

"కాళ్ళు బానే ఉన్నాయి. నువ్వే నొప్పి."

చేతిలో కత్తి ఆగిపోయింది. అది మాత్రం ఒలవడం ఆపలేదు.

"స్కీలు నువ్వే ఏరతావు. మైనం నువ్వే పూస్తావు. ఎక్కడ తొయ్యాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో కూడా గట్టు మీద నిలబడి నువ్వే అరుస్తావు. ఇంక నేను చేసేదేముంది? నీ స్కీల్ని మోసుకుని ఒక చుట్టు తిరిగి రావడమేగా!"

"ఓహో! నా వల్ల నీకంత కష్టం వచ్చిపడిందా?"

"చూశావా, అప్పుడే గొంతు పెంచావు. ఆఖరి పందానికి మైనం నేనే పూసుకుంటా. నువ్వు కల్పించుకోకూడదు. ముందొచ్చినా వెనకొచ్చినా నాదే. అలా ఆడి బాగుందనిపిస్తే వచ్చే ఏడూ ఉంటా. లేదంటే బాండు చాలు నాకు."

ఇల్వా బడి బాండులో ట్రాంబోన్ ఊదుతుంది. అది ఊదుతుంటే పక్కింటి ఆవులు పాలు చేపవని నా అనుమానం. అలాంటి బాండు ముందు నా స్కీ క్లబ్బు ఓడిపోతుందా అని ఒళ్ళు మండింది. అయినా మాటిచ్చాను. బంగాళదుంప మీద చెయ్యి పెట్టి మరీ ఇచ్చాను.

పందానికి ముందురోజు శుక్రవారం. బడి నుంచి రాగానే ఇల్వా ఒంటరిగా కొండెక్కి, మంచు పిడికిట్లో నలిపి చూసి, ఆకాశం చూసి దిగింది. గట్టి మైనం కర్ర తీసుకుని సెల్లార్లోకి వెళ్ళింది.

"గట్టి మైనమా!" అన్నాను. కల్పించుకోవడం కాదు, ఆశ్చర్యం మాత్రమే. "పాత మంచే అది, ముతక ఉప్పులా ఉంటుంది. జిగురు మైనం పెట్టాలిగా."

"రేపు పొద్దున కొత్త మంచు పడుతుంది."

"సగం ఏప్రిల్ అయ్యాకా? ఎవరు చెప్పారు?"

"నేను చెప్తున్నా. అమ్మా, మాటిచ్చావు."

 నాలుగింటికి అది ట్రాంబోన్ పెట్టె వీపున వేసుకుని బాండుకి వెళ్ళిపోయింది. నేను ఒడ్లీవ్‌కి ఫోన్ చేశాను. ఒడ్లీవ్ మా క్లబ్బు మైనం డేరాకి అధిపతి, పందేల రోజున మైకు కూడా వాడిదే. ఒకటో తరగతి నుంచి నా పక్క బెంచీ. వాడి దగ్గర ఏడు ఉష్ణమాపకాలున్నాయి, ఏ రెండూ ఒక మాట మీద ఉండవు.

"రేపటికి ఏంట్రా?" అన్నాను.

"జిగురు. కళ్ళు మూసుకుని జిగురు పెట్టుకో. ఏం, పిల్ల పూసుకుంటానందటగా?"

"ఆఁ, పూసుకుంది. గట్టి మైనం."

"అయ్యో పాపం!" అన్నాడు వాడు, అచ్చం ఎవరో పోయినట్టు.

ఆ "అయ్యో పాపం" నన్ను సెల్లార్లోకి దింపింది. ఊరికే చూసొద్దామనే దిగాను. ఇల్వా పూత తీరుగా ఉంది, బెండుతో రుద్ది అద్దంలా చేసింది. దాన్ని చూసి గర్వపడ్డాను. గర్వపడుతూనే రేకుతో గీకేశాను. తరవాత జిగురు గొట్టం నొక్కి, వేడి గాలి పట్టి, బొటనవేలితో చివరిదాకా సాపు చేశాను. ఆ జిగురు దేనికైనా అంటుకుంటుంది. నా జుట్టుకి, మెట్ల కమ్మీకి, ఆ తరవాత బస్సు స్టీరింగ్‌కి కూడా అంటుకుంది. అది పాతమంచు మీద స్కీని వెనక్కి జారనివ్వదు. కొత్తమంచు మీద మాత్రం అడుగడుక్కీ మంచుని పట్టుకుని ఉండ కట్టేస్తుంది. ఈ సంగతి మా ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. ఇదంతా దాని మంచికే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అది వెనకబడితే నా పరువు పోతుందని చేశాను.

శనివారం పొద్దున ఆరింటికి కిటికీ తెర తీశాను. నాలుగు వేళ్ళ మందాన కొత్త మంచు పడి ఉంది. ఇంకా పడుతోంది.

"చెప్పానా!" అంది ఇల్వా వెనక నుంచి. చేతిలో గోధుమరంగు చీజ్ పెట్టిన రొట్టెముక్క, మొహంలో పండగ. "చెప్పానా అమ్మా!"

జిగురు గీకి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి మళ్ళీ పూయాలంటే ముప్పావు గంట పడుతుంది. దాని కళ్ళముందే చెయ్యాలి. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. "ఆఁ, చెప్పావు" అని కాఫీ పోసుకున్నాను. అంతకంటే సిగ్గుమాలిన కాఫీ జన్మలో తాగలేదు.

కొండ మీద డేరా ముందు ఒడ్లీవ్ చెమటలు కక్కుతున్నాడు. నిన్న చెప్పిన జ్యోతిష్యం తప్పిందని తెల్లారకముందే తెలుసుకుని, పిల్లలందరి స్కీల జిగురూ వాడే గీకేశాడట.

"మొత్తం మార్చేశానే గున్వోర్! మీ పిల్లదొక్కటే గట్టి మైనంతో వచ్చింది. ఎంత గురి చూడు!"

"నువ్వు నోరుముయ్యి" అన్నాను.

"మెచ్చుకున్నా తంటానా?" అని వాడు నొచ్చుకున్నాడు.

స్కీల సంచీ ఇల్వాకి ఇవ్వలేదు. "నువ్వెళ్ళి నంబరు కట్టించుకో, నేను పట్టుకొస్తా" అన్నాను. వంతు రావడానికి నిమిషం ముందు స్కీలు తీసి మంచులో పడేశాను, అడుగు పైకి కనబడకుండా. అది బూట్లని స్కీలకి బిగించింది, కాలు ముందుకీ వెనక్కీ కదిపింది. కదలిక ఆగిపోయింది. తల తిప్పి నా వైపు చూసింది.

నేను అప్పుడు కూడా చెప్పలేదు. స్కీలు విప్పించి వెనక్కి లాగి ఉండొచ్చు. గడియారం కూత పెట్టింది. ఇల్వా వెళ్ళిపోయింది.

మొదటి మలుపు దాటేలోపే ఒక్కో స్కీ కింద జానెడు మంచుదిమ్మ కట్టింది. కర్రకాళ్ళు కట్టుకున్న మనిషిలా నిలబడిపోయింది పిల్ల. వెనకనున్నవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోయారు. అది చేతికర్రతో దిమ్మ రాలగొట్టుకుంటుంది, నాలుగడుగులేస్తుంది, మళ్ళీ దిమ్మ కడుతుంది. మూడు కిలోమీటర్లూ అదే పని. నేను గట్టు మీద నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి ఒక్క అరుపు కూడా అరవలేదు.

పంతొమ్మిది మందిలో పంతొమ్మిదోదిగా వచ్చింది. ఒడ్లీవ్ మైకులో ఉప్పొంగిపోయాడు. "ఇదిగో మన ఇల్వా! ఈరోజు తన స్కీలకి తనే మైనం పూసుకుంది. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి!" అందరూ కొట్టారు. ఆడవాళ్ళు "పాపం పిచ్చితల్లి" అన్నారు. ఇల్వా స్కీలు విప్పి, అడుగు వైపు ఒకసారి చూసి, సంచీలో పెట్టుకుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాఫుల్ ఇస్తే వద్దంది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

మధ్యాహ్నం గుడిసెలో సీజను ముగింపు సభ. మాంసం పులుసు, కేకులు, ఒడ్లీవ్ చదివే ఏడాది వార్తలు. పదకొండు పందేల్లో నాలుగు మంచు లేక రద్దు. ఒకటి, పెద్ద కొమ్ముల దుప్పి దారికడ్డంగా పడుకుని లేవనందుకు రద్దు. క్లబ్బు జెండా డిసెంబరులో పోయి ఫిబ్రవరిలో అధ్యక్షురాలి వంటింట్లో దొరికింది, బల్లగుడ్డగా. పన్నెండేళ్ళలోపు వాళ్ళందరికీ మామూలు ప్రకారం ఒకేలాంటి కప్పులు ఇచ్చారు.

చివర్న ఆ ఏటి మైనం తప్పుకి ఇచ్చే బహుమతి. చెక్కకి కొట్టిన పాత స్కీ ముక్క, దానికి జిగురుతో అతుక్కుపోయిన ఒక చేతితొడుగు. ఎప్పుడో ఎవరిదో అతుక్కుంది, ఈనాటికీ ఊడిరాలేదు. ఇది ఎప్పుడూ పెద్దవాళ్ళకే ఇస్తారు. ఒడ్లీవ్‌కి మూడుసార్లు వచ్చింది.

"ఈసారి మొదటిసారిగా ఒక పిల్లకి ఇస్తున్నాం" అన్నాడు వాడు, ఏదో వరమిస్తున్నట్టు. "తప్పయినా సొంతంగా చేసింది కాబట్టి. రా ఇల్వా, సిగ్గుపడకు!"

ఇల్వా కుర్చీలోంచి లేచింది. మొహం ఎర్రగా ఉంది, కళ్ళు పొడిగా ఉన్నాయి. దాని భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. వెళ్ళి మైకు లాక్కున్నాను.

"ఇది నాది. పిల్ల సరైన మైనమే పూసింది, మంచు పడుతుందని ముందే చెప్పింది కూడా. అది బాండుకెళ్ళగానే నేను దొంగలా సెల్లార్లోకి దిగి మొత్తం గీకేసి జిగురు పులిమాను. ఈ ఒడ్లీవ్‌గాడి మాట విని."

అందరూ చేతిలో చెంచాలు దించి నా వైపే చూశారు. ఆ చూపులు భరించలేక నా నోరు తన పని మొదలుపెట్టింది. "మా పిల్లి నిన్నటినుంచి సోఫా దిగడం లేదు. అతుక్కుందో అలిగిందో తెలీదు" అన్నాను. జనం గొల్లుమన్నారు. ఇంకో రెండు వేశాను. ఒడ్లీవ్ కళ్ళు తుడుచుకుంటూ నన్ను కావలించుకున్నాడు. చప్పట్ల మధ్య చేతితొడుగు పట్టుకుని వచ్చి కూర్చున్నాను, హమ్మయ్య అనుకుంటూ. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఇల్వా అప్పటికే కార్లో కూర్చుని ఉంది.

సగం కొండ దిగాం.

"చెప్పేశానుగా" అన్నాను చివరికి.

"చెప్పావు. అందరూ నవ్వారు."

"నవ్వితే మంచిదేగా?"

"నేను ఆఖర్న వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదమ్మా. జాలిపడ్డారు. చేసింది నువ్వు. జాలి నాకు, చప్పట్లు నీకు."

బస్సు ఆగే చోట కారు ఆపేశాను. నోట్లో ఒక్క హాస్యమూ మిగల్లేదు.

"క్షమించు. నిన్న పూసినప్పుడు తప్పు చేశా. పొద్దున మంచు చూసి కూడా చెప్పకపోవడం ఇంకో తప్పు. ఇందాక దాన్ని జోకు చేసేశా. నీ పందెం నేను పాడుచేశాను ఇల్వా."

అది కిటికీలోంచి బయటికి చూసింది. "ఆకలేస్తోంది" అంది. అంతే. క్లబ్బు మాట అడిగే ధైర్యం నాకు రాలేదు.

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్వా ఇంట్లో కనబడలేదు. సెల్లార్లోంచి కిరసనాయిలు వాసన వస్తోంది. మెట్ల పైనుంచి వంగి చూశాను. స్కీలు బల్లకి బిగించి, నా జిగురంతా గుడ్డతో తుడిచేసింది. తెల్లగా మెరిసేలా అడుగు కడిగింది. ఇప్పుడు ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి, ఈ చివర నుంచి ఆ చివరదాకా మందంగా పూత వేస్తోంది. అది పందెం పూత కాదు. వేసవంతా స్కీలు ఎండిపోకుండా వేసే పూత. మళ్ళీ చలికాలం స్కీలు తొడిగే ఉద్దేశం లేనివాళ్ళెవరూ దానికోసం ఆదివారం పాడుచేసుకోరు.

 ఎడమవైపు అంచున పూత కాస్త పలచగా పడింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళ వెనకే ఆపేశాను.

"దిగి రానా?" అన్నాను.

ఇల్వా తలెత్తకుండా ఇస్త్రీపెట్టెని ఆ చివరదాకా నడిపింది.

"రా. కానీ చేతులు జేబులో పెట్టుకుని రా."

పెట్టుకునే దిగాను.