దవాఖాన మలుపులో బెంచీ

1949 ఏప్రిల్ నాలుగు, సోమవారం. ఆ పొద్దున జొన్నరొట్టె, చింతచిగురు పప్పు తిన్నాను. రొట్టె ఒక వైపు మాడింది. రెండేళ్లుగా నా చేతి వంటే కాబట్టి మాడిన వైపు కిందికి తిప్పి, పైన పప్పు వేసుకుని తినేశాను. నిజానికి ఏం తింటున్నానో ఆ రోజు పట్టలేదు. ఎనిమిది గంటలకల్లా కోదాడ నుంచి లారీ రావాలి. లారీలో అయిదు బెంచీలు రావాలి.

అప్పటిదాకా సూర్యాపేట బజారులో దారిన పోయే మనిషి కూర్చోవడానికి ఒక్క బెంచీ లేదు. దుకాణాల అరుగులు ఉన్నాయి. వాటి మీద కూర్చోవాలంటే అక్కడ ఏదైనా కొనాలి, లేదా దుకాణదారుకు చుట్టమై ఉండాలి. మిగతావాళ్లకు నేలే. బడిపంతులుగా, ఇంగ్లీషూ ఉర్దూ వచ్చినవాడిగా నన్ను టౌను కమిటీలో వేశారు. నేను అక్కడ అడిగింది ఒక్కటే, బెంచీలు. నాలుగు ఎక్కడ వేసినా సరే, అయిదోది దవాఖాన మలుపులో వేయాలని పట్టుబట్టాను.

ఎందుకో కమిటీలో చెప్పలేదు. రెండేళ్ల కిందట నా భార్య శాంతమ్మను దవాఖానకు నడిపించుకుపోతుంటే, సరిగ్గా ఆ మలుపులో ఆగి, "జర కూసుంటనండీ" అంది. కూర్చోవడానికి ఏమీ లేదు. గడ్డిమోపుతో పోతున్న ఒకామె ఆగి, మోపు గోడకు ఆనించి, తల మీది చుట్టకుదురు తీసి నేల మీద పెట్టి, "గీడ కూసో అక్కా" అంది. శాంతమ్మ దాని మీద కూర్చుంది. ఆ నెలాఖరుకే పోయింది. గడ్డిమోపు ఆమె పేరు అడగాలని నాకు తోచనే లేదు.

లారీ తొమ్మిదింటికి వచ్చింది. బెంచీలతోపాటు వాటిని చేసిన వడ్రంగి కోటయ్య కూడా దిగాడు. కోదాడ మనిషి. చాలా ఏళ్లు బెజవాడ స్టేషనులో పనిచేసి వచ్చాడు.

"అచ్చం బెజవాడ ప్లాట్‌ఫారం మీద ఉన్నట్టే చేశాను మాస్టారూ. ఇక రైలొక్కటే మీరు తెచ్చుకోవాలి" అన్నాడు.

కాళ్లు మూరెడు లోతు పాతి, మట్టి దిమ్మిస కొట్టి, సాయంత్రానికి అయిదూ నిలబెట్టాం. దవాఖాన మలుపులో బెంచీ మీద నేనే మొదట కూర్చున్నాను. ఎదురుగా గోపయ్య సేటు ధాన్యం ఆడ్తి దుకాణం. సేటు గద్దె మీద నుంచే కేకేశాడు.

"ఏం ఆనందం సారూ, రైలెన్ని గంటలకు?"

"మీరు టిక్కెట్టు కొన్నాక వస్తది సేటూ" అన్నాను. నాకు ఆ రోజు ఎవరేమన్నా సంతోషంగానే ఉంది.

మంగళవారం ఎవరూ కూర్చోలేదు. బుధవారం ఒక మేక పడుకుంది. కొత్త కదా, అంగడి రోజున చూద్దామనుకున్నాను. గురువారం అంగడికి చుట్టుపక్కల ఊళ్లన్నీ వస్తాయి. ఆ రోజు పొద్దున్నే పోయి చూస్తే అయిదు బెంచీలూ నిండిపోయి ఉన్నాయి. దూరం నుంచి చూసి గబగబా నడిచాను. దగ్గరికి పోయాక కాళ్లు ఆగిపోయాయి. బెంచీల మీద ఉన్నవి మూటలు. కందుల మూట, ఎల్లిగడ్డ గంప, బియ్యం సంచి, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. వాటిని తెచ్చిన మనుషులు బెంచీల ముందు నేల మీద చతికిలబడి ఉన్నారు.

దవాఖాన మలుపులో ఒక ముసలామె మాత్రం కూర్చోలేదు. బెంచీ వీపును పట్టుకుని ఒంటికాలి మీద బరువు వేసి నిలబడి ఉంది. పేరు లింగమ్మ, ఊరు మోతె. కందులు అమ్ముకుని, మోకాలికి మందు రాయించుకుపోవడానికి వచ్చింది. బండ్లు ఊరి బయటే ఆగుతాయి. అక్కడి నుంచి నెత్తిన మూట పెట్టుకుని నడవాల్సిందే.

"అవ్వా, కూర్చోరాదా?" అన్నాను.

"మూట వెట్టిన గద సారు."

"మూట కింద పెట్టి నువ్వు పైన కూర్చో. బెంచీ మనిషికే."

లింగమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "కందులు మట్టిల వెట్టి నేను మీద కూసోవాల్నా? తినే గింజ కాళ్లకాడ వెట్టుకుంటే కండ్లు పోవా? సదువుకున్నోనివి, గిదేం మాట?"

నేల మీద కూర్చున్న ఎల్లిగడ్డలాయన నవ్వాడు. "సారు బడిల పలకల మీద కూసుంటడేమో అవ్వా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ వదల్లేదు. "పోనీ వాళ్లలాగా కింద కూర్చోవచ్చు కదా."

"కూసునుడు కష్టం కాదు బిడ్డా, లేసుడే కష్టం. ఎవలన్న రెండు సేతులు వట్టి గుంజాలె. అంగట్ల ఎవల పని వాళ్లది. నన్ను గుంజెటోళ్లెవలు?"

అప్పుడే తహసీల్దారు వచ్చారు. హైదరాబాదు మనిషి, మర్యాదస్థుడే. బెంచీని చూసి, మూటను చూసి, నన్ను చూశారు.

"క్యా ఆనందం సాబ్, ఇవి మనుషులకా, మూటలకా?"

నేను మూటను కొంచెం పక్కకు జరిపాను.

"అసలే రోజులు బాగా లేవు. నలుగురు ఒకచోట చేరితే ఎందుకు చేరారని పైనుంచి నన్ను అడుగుతారు. కూర్చోవడానికైతే ఏదో జవాబు చెప్పుకుంటాను. మూటలకైతే ఏం చెప్పను? వచ్చే అంగడి దాకా చూస్తాను. ఇట్లాగే ఉంటే అయిదూ మా కచేరీ వరండాలోకి పట్టించుకుపోతాను. అక్కడ కూర్చునేవాళ్లు బోలెడుమంది."

"కచేరీకెందుకు సాబ్" అని గోపయ్య సేటు అందుకున్నాడు. "మూటలకే అయితే నా ఆడ్తి ముంగట ఏయించుర్రి. నాకాడ మూటలకు కొదువ లేదు."

ఆ రాత్రి అన్నం వండబోయి బియ్యం కోసం చెయ్యెత్తాను. చెయ్యి అలాగే ఉండిపోయింది. శాంతమ్మ బియ్యం కుండను ఎన్నడూ నేల మీద పెట్టేది కాదు. పొయ్యి పక్క గోడకు, తల ఎత్తులో ఒక చెక్క పలక కొట్టించుకుంది. కుండ దాని మీద. దాని కింద పీట వేసుకుని కూర్చుని కూరలు తరిగేది. పదహారేళ్లు రోజూ చూశాను. గింజ పైన, మనిషి కింద. ఇద్దరికీ చోటు ఉంది.

లింగమ్మకు కావలసింది ఆ పలకే. నేను పొయ్యి మీది ఎసరు మరిచిపోయి, బడిపిల్లల కాపీ పుస్తకం వెనక అట్ట మీద బెంచీ బొమ్మ గీశాను. ఎసరంతా ఇగిరిపోయింది. అటుకులు తిని పడుకున్నాను గానీ నిద్రపట్టలేదు.

మట్టల ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే కోదాడ మోటారెక్కాను. కోటయ్య నా బొమ్మను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"బెంచీ నెత్తిన అటకా? రైల్వేలో ఇట్టాంటిది ఎక్కడా చూళ్లేదండి."

"రైల్వేవాళ్లకు మోతె లింగమ్మ తెలియదు కదా కోటయ్యా."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ తర్వాత మొహం మారిపోయింది. చెవి మీది పెన్సిలు తీశాడు. "ఆవిడ ఎంత ఎత్తుంటుందేం?"

నా భుజం చూపించాను.

"అయితే దానికి నాలుగు వేళ్లు తగ్గించి పెడదాం. వెనక నుంచి వచ్చి కాస్త తల వంచితే చాలు, మూట దానంతటదే పలక మీదికి జారాలి. ఇంకొకళ్లు చెయ్యి వెయ్యక్కర్లేదు. మళ్లీ ఎత్తుకునేటప్పుడూ అంతేనండి." అతనికి నాకంటే హుషారు ఎక్కువైంది. "అయితే మాస్టారూ, గట్టి చెక్క నా దగ్గర ఒక్కదానికే ఉంది. అయిదింటికీ ఇప్పట్లో కుదరదు."

ఏ ఒక్కదానికో చెప్పడానికి నేను ఆలోచించలేదు.

మంగళవారం కోటయ్య వచ్చి దవాఖాన మలుపులో బెంచీకి వెనక రెండు నిలువు కమ్మీలు బిగించి, వాటి మీద అడుగున్నర వెడల్పు పలక దిగ్గొట్టాడు. గోపయ్య సేటు గద్దె దిగి వచ్చి చూశాడు.

"రైలుకు పైకప్పు గూడ వచ్చె" అన్నాడు.

గురువారం బడికి సెలవు చీటీ పంపి ఆరింటికే మలుపులో నిలబడ్డాను. పదింటికి లింగమ్మ వచ్చింది. ఈసారి ఆమె నెత్తిన పెసర్ల మూట. నేను ఏమీ అనలేదు. చెబితే మళ్లీ బడి పలకల మీద కూర్చునే మాట వస్తుంది. ఆమె బెంచీ వెనక ఆగి పలకను చూసింది. చేత్తో రెండు దెబ్బలు కొట్టి గట్టిగా ఉందో లేదో చూసింది. తల వంచింది. మూట జారి పలక మీద కూర్చుంది. ఎవరి చెయ్యీ పడకుండా తల తేలికవడం ఆమెకే వింతగా ఉన్నట్టుంది, మెడ అటూ ఇటూ తిప్పింది. తర్వాత బెంచీ చుట్టూ తిరిగి ముందుకు వచ్చింది. మూట తనకంటే పైనే ఉందని తల ఎత్తి ఒకసారి చూసుకుంది.

కూర్చుంది.

పలక నీడ సరిగ్గా ఆమె మొహం మీద పడుతోంది. ఆ సంగతి నాకూ కోటయ్యకూ తట్టనే లేదు. ఏప్రిల్ ఎండలో ఆ జానెడు నీడ అడగకుండా వచ్చింది.

"అవ్వో, ఎట్లున్నది?" అని పోయిన వారం వచ్చిన ఎల్లిగడ్డలాయనే అడిగాడు.

"కాళ్లు కిందికి ఏలాడుతున్నయ్ రా. మోకాలుకు మంచిగున్నది. రా, నీ గంప గీ పక్కన వెట్టు."

గంప పలక ఎక్కింది, అతను బెంచీ ఎక్కాడు. తర్వాత చంకన పిల్లతో ఒక తల్లి, దవాఖానకు వచ్చిన ఒక పెద్దాయన. నలుగురు. పక్కవాళ్లను కొంచెం జరగమనడం కూడా మొదలైంది. పదకొండింటికి తహసీల్దారు రావాలి. నేను గడియారం చూసుకుంటూ మలుపులో అటూ ఇటూ తిరిగాను.

తహసీల్దారు మలుపు తిరిగారు. వెనక ఇద్దరు జవాన్లు.

బెంచీ మీదివాళ్లంతా దిగ్గున లేచి నిలబడ్డారు.

అంత పెద్ద సంగతిని నేను అసలు లెక్కలోకి తీసుకోలేదు. అధికారి వస్తే లేవనివాడు మా ప్రాంతంలో ఉంటాడా? నిండిన బెంచీ ఆయన చూడబోయే క్షణంలోనే ఖాళీ అయింది. తహసీల్దారుకు మళ్లీ కనబడేవి మూటలే.

కానీ బెంచీ పూర్తిగా ఖాళీ కాలేదు. లింగమ్మ రెండు చేతులూ బెంచీకి ఆన్చి లేవబోతోంది. మోకాలు పట్టేసింది.

"తప్పు వట్టకుర్రి దొరా, మోకాలు లేవనిస్తలేదు" అంది.

"లేవకు" అన్నారు తహసీల్దారు. దగ్గరికి వచ్చారు. పలకనూ మూటనూ తలెత్తి చూశారు. "ఇదివరకు అంగడికి వస్తే ఎక్కడ కూర్చునేదానివి?"

"కూసునేదాన్ని కాదు. ఇంటికాడ లేసి, మళ్ల ఇంటికాడ్నే కూసునుడు."

ఆయన నిలబడినవాళ్ల వైపు తిరిగి, "మీరూ కూర్చోండి" అన్నారు. ఎవరూ కదల్లేదు. "కూర్చోండి భాయ్" అన్నారు మళ్లీ. పిల్లతల్లి ఇంకొంచెం వెనక్కి జరిగింది.

"సాబ్" అని గోపయ్య సేటు దుకాణంలోంచి పిలిచాడు. "మీరు గాడ నిలవడ్డంతసేపు వాళ్లు కూసోరు. జర ఇటు లోపలికి రార్రి."

తహసీల్దారు జవాన్లను పంపేసి దుకాణంలోకి నడిచారు. వెంట నేనూ. సేటు మమ్మల్ని జొన్న బస్తాల వెనక నిలబెట్టి, తలుపు ఓరగా వేశాడు. తహసీల్దారు టోపీ తీసి చేత్తో పట్టుకుని సందులోంచి చూశారు. పక్కనే నేను. నా కింద నుంచి సేటు తలకాయ.

వీధిలో ఎల్లిగడ్డలాయన అటూ ఇటూ చూశాడు. "పోయిండా?"

"పోయిండు. కూసో" అంది లింగమ్మ.

కూర్చున్నాడు. పిల్లతల్లి కూర్చుంది. పెద్దాయన కూర్చున్నాడు. అయిదో మనిషి ఎవరో వచ్చి, గంప పైన పెట్టి, "జరగుర్రి" అన్నాడు. జరిగారు.

తహసీల్దారు నోటికి టోపీ అడ్డం పెట్టుకుని నవ్వారు. బస్తాల దుమ్ముకు తుమ్ము వస్తే అది కూడా టోపీలోనే తుమ్మారు. "ఆనందం సాబ్, మిగతా నాలుగింటికీ ఈ పలకే పెట్టించండి. మిర్యాలగూడ తహసీల్దారు నా దోస్తు. ఆయనకూ ఒక చీటీ రాస్తాను" అని, పెరటి తలుపు గుండా బయటికి పోయారు. బెంచీ ముందు నుంచి పోతే మళ్లీ లేస్తారని.

ఆ మధ్యాహ్నమే కోటయ్యకు ఉత్తరం రాశాను. అక్షరాలు వంకరగా పడ్డాయి. నా విద్యార్థి అయితే మళ్లీ రాయించేవాణ్ణి.

పొద్దు గూకేవేళకు మళ్లీ మలుపుకు పోయాను. అంగడి చెదిరిపోయింది. లింగమ్మ ఒక్కతే బెంచీ మీద ఉంది. మోతె బండి ఇంకా రాలేదు. పెసర్లు అమ్ముడై మూట చిన్నదైంది. అయినా దాన్ని పైనే పెట్టుకుంది. మందు సీసా ఒళ్లో ఉంది. కూర్చున్నచోటనే తల వాలి నిద్రపోతోంది.

ఎదురుగా గోపయ్య సేటు దుకాణం కట్టేస్తున్నాడు. ఆయన తలుపు మూస్తే దవాఖాన దాకా వినబడుతుంది. రెక్కలు ధనాలున కొట్టి, ఇనుప గొలుసు ఝణఝణ లాగి, తాళం వేసి రెండుసార్లు గుంజుతాడు. ఆ రోజు ఒక రెక్క పట్టుకుని ఆగాడు. బెంచీ వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. రైలు మాట ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు.

భుజం మీది తువ్వాలు తీసి, గొలుసు చప్పుడు కాకుండా దానికి చుట్టాడు. ఒక రెక్క, ఆ తర్వాత రెండో రెక్క, మెల్లగా దగ్గరికి వేశాడు.